రంగు తాగే పీచు

బయ్యన్న ట్రాక్టరు నిండా ఎర్రమన్ను తెచ్చి మా కాలువలో కుమ్మరించే సమయానికి నాయన చేతిలో పట్టు దారపు లడి సగం ఎర్రగా, సగం తెల్లగా ఉంది. అద్దకం మధ్యలో వదిలేస్తే లడి మీద మచ్చలు పడతాయి. అందుకని నాయన తల కూడా తిప్పలేదు. కట్టెకు వేసిన లడిని బానలో అలాగే తిప్పుతూ నిలబడ్డాడు. కొట్లాటకు నేనే బయటికి వెళ్లాను.

మా ఇంట్లో కొట్లాటలన్నీ నావే. నాయన పేరు మార్కండేయ. ధర్మవరంలో పట్టుకు రంగులు అద్దేవాళ్లలో ఆయనంత నిదానస్తుడు ఇంకొకరు లేరు. ఎవరేమన్నా తల ఊపి మళ్లీ బాన వైపు తిరుగుతాడు. ఆయన తల్లి, మా అవ్వ చెన్నమ్మ, పొద్దస్తమానం మాట్లాడుతుంది కానీ అందులో కోపమనేది ఉండదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. కాబట్టి ఇంటికి కావలసిన కోపమంతా నేనొక్కదాన్నే పడాలి.

మా షెడ్డు ఊరి చివర, రైలు పట్టాలు దాటాక ఉంటుంది. పల్లం వైపు బయ్యన్న చేను. మా కాలువ ఆయన గట్టు పక్కనున్న గుంతలోకి పోయి అక్కడే ఇంకుతుంది. ఇంకిన నీళ్లు ఎటు పోతాయని మేమెవరమూ ఏనాడూ ఆలోచించిన పాపాన పోలేదు.

"ఏం మామా, ఇదేం పని?" అన్నాను.

బయ్యన్న ట్రాక్టరు సీటు పక్కనుంచి నీళ్ల సీసా తీసి ఎండకు పట్టాడు. నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి.

"నా బోరు నీళ్లు పాపా ఇవి. ఎన్ని బోర్లు ఏపిస్తే ఇదొకటి పడిందో మీ నాయన్ని అడుగు. దీన్ని గుడక మీరు రంగుబాన చేసి పెట్టినారు. నా టమాటాలకేమన్నా పట్టుచీరలు కట్టాల్నా?"

కొట్లాటకు వచ్చినదాన్ని, సీసా అందుకుని తిప్పి తిప్పి చూశాను. ఆ గులాబీ మా బానలోదే.

"మీ నాయన చెడ్డోడని నేను అనల్యా," అన్నాడు బయ్యన్న. "మీ షెడ్డులోంచి తేట నీళ్లు వచ్చే రోజు ఈ మన్ను నేనే తీస్తా. అంతవరకు తీయను. ఎవర్నీ తీయనియ్యను."

"తెస్తా మామా. తేట నీళ్లే తెస్తా."

"యాడ్నుంచి తెస్తావు? యూనివర్సిటీలో కంపచెట్లు ఉడకేస్తాండావంట గదా, దాంట్లోంచా?"

ట్రాక్టరు మీదున్న ఇద్దరు కూలీలు కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆయన ఎగతాళికి అన్నా, అన్నది నిజం.

అనంతపురంలో నేను చేస్తున్న పరిశోధన అదే. శింగనమల చెరువు వెనక సర్కారు తుమ్మ, మా వాళ్లు కంప అనేది, అడవిలా పెరిగి ఉంటుంది. ఎండకు చావదు, గొడ్డలికి చావదు. కొట్టి బొగ్గు కాల్చుకోవడం తప్ప దానితో ఎవరికీ పని లేదు. ఏ చెట్టు కట్టెలోనైనా నారకూ నారకూ మధ్య ఒక జిగురు ఉంటుంది. కట్టెను నిటారుగా నిలబెట్టేది అదే. దాని పేరు లిగ్నిన్. తుమ్మ ముక్కల్ని కాస్టిక్ సోడాలో ఉడికిస్తే ఆ జిగురు కరిగి నల్లటి కషాయంలోకి దిగుతుంది. కషాయంలో కొద్దికొద్దిగా యాసిడ్ పోస్తే గోధుమరంగు పొడిగా విడిపోయి అడుగున కూర్చుంటుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, దారంగా తీయాలి.

దారం తీసే మిషను కోసం నేను పడిన పాట్లు చెబితే నవ్వుతారు. గార్లదిన్నె దగ్గర జాతరల్లో పీచు మిఠాయి అమ్మే తిమ్మన్న దగ్గర పాత మిషను కొన్నాను. నేను మిఠాయి వ్యాపారంలోకి దిగుతున్నాననుకుని, చక్కెరలో గులాబీ రంగు ఎంత కలపాలో పాపం చాలాసేపు నేర్పించాడు. ఆ మిషను హీటరు మార్చి, గిన్నెకు సన్నటి రంధ్రాలు వేయించి, చక్కెరకు బదులు లిగ్నిన్ పొడి పోస్తే గిరగిరా తిరిగి గోధుమరంగు పీచు కడుతుంది. ఇక అక్కడి నుంచి ఓపిక పరీక్ష. ఆ పీచును గాలి తగిలేలా పెట్టి చాలా నిదానంగా వేడి పెంచాలి. తొందరపడితే పోగులన్నీ కరిగి ఒకదానికొకటి అంటుకుని మాడిన బెల్లం అచ్చులా తయారవుతాయి. నిదానిస్తే గట్టిపడి కొలిమికి తట్టుకుంటాయి. ఆపైన గాలి తగలని కొలిమిలో కాల్చితే బొగ్గు పీచు. చివర ఎర్రటి వేడి మీద ఆవిరి పట్టిస్తే ఆ పీచు ఒళ్లంతా కంటికి కనబడనన్ని రంధ్రాలు తెరుచుకుంటాయి. రంగు నీళ్లు అందులోంచి పోతే రంగు ఆ రంధ్రాల గోడలకు అతుక్కుపోతుంది, నీళ్లు బయటికి వస్తాయి.

ల్యాబులో ఇది నేను ఎన్నోసార్లు చేసి చూపించాను. నాయన వాడే ఎరుపు పొడినే తెచ్చి, మంచి నీళ్లలో కలిపి, పీచు మీద పోస్తే అద్దంలాంటి నీళ్లు దిగేవి. మా గైడు సునంద మేడమ్ చూసి, "బాగుంది అరుణజ్యోతీ, కానీ అసలు షెడ్డు నీళ్లతో ఎప్పుడు చేస్తావు?" అనేవారు. షెడ్డులో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియని షెడ్డు నీళ్లేముంటాయని లోపల నవ్వుకునేదాన్ని.

కాలువ మూసుకుపోయాక షెడ్డు ఆగిపోయింది. వాడిన నీళ్లు పోవడానికి దారి లేకపోతే ఏ బానలో ఏం అద్దుతారు? నేతగాళ్లు మొదట్లో మొహమాటపడ్డారు, తర్వాత ఒక్కొక్కరే వచ్చి తమ పట్టు లడులు తీసుకుని వేరే షెడ్లకు పోయారు. బాలప్ప ఒక్కడే తన మూట మా దగ్గరే వదిలాడు. "నీ చేతి రంగే కావాల మార్కండేయా, ఎప్పుడైతే అప్పుడే అద్దు," అన్నాడు. నాయన ఆ మూటను ఎత్తైన అరలో పెట్టి, బోర్లించిన బాన మీద కూర్చుని దాన్నే చూస్తుండేవాడు.

ఒకరోజు ఊళ్లోని పెద్ద అద్దకం షెడ్డు వాళ్లు మనిషిని పంపారు. కూలికి వస్తే రంగు కలిపే పని ఇస్తామని కబురు. నాయన తల ఊపాడు. ఆయన దేనికైనా తల ఊపుతాడు. కానీ ఆ ఊపులో అవుననడమే ఉందని నాకు అర్థమైంది. నాయన ఇంకొకడి బాన ముందు నిలబడి, ఇంకొకడు చెప్పిన రంగు కలిపే రోజు నేను రానివ్వదలచుకోలేదు. ఆయన దగ్గర ఉన్న ఆస్తి ఆ చెయ్యి ఒక్కటే. అది కూలికి పోకూడదు. అంతే.

"ఇంగ కొన్ని రోజులు ఓపిక పట్టు నాయనా," అన్నాను. "నేను పీచు తెస్తా. తెచ్చేదాంక నువ్వు పోగూడదు."

నాయన దానికీ తల ఊపాడు.

షెడ్డుకు సరిపడా పీచు చేయడమంటే పరీక్షనాళికలో చిటికెడు చేయడం కాదు. మొదటి విడత తొందరలో మాడ్చేశాను. కొలిమిలోంచి తీస్తే నల్లటి అచ్చు. దాన్ని నేలకేసి కొట్టాను. సునంద మేడమ్ చీపురు తెచ్చి చేతికిచ్చారు. ఊడ్చి మళ్లీ తుమ్మ కొట్టించుకొచ్చాను. మళ్లీ ఉడికించాను. యాసిడ్ పొగకు కళ్లు మండాయి, కాస్టిక్‌కు చేతులు పగిలాయి. ఈసారి వేడి నిదానంగా పెంచుతూ కొలిమి పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాశాను. నాయన నిదానం నాకు ఎక్కడో కొంత వచ్చే ఉంటుంది. పీచు పీచుగానే మిగిలింది. మెత్తగా, నల్లగా, ఊదితే ఎగిరేంత తేలిగ్గా ఉంది.

గుడ్డ సంచుల్లో కుక్కి షెడ్డుకు తెచ్చాను. మరుసటి రోజు పొద్దున్నే రమ్మని బయ్యన్నకు ఫోను చేశాను. కాలువ మూసిన నాటి ఎర్రనీళ్లు నాలుగైదు బానల్లో ఇంకా అలాగే ఉన్నాయి. వాటినే పోసి చూపించాలని నా ఆలోచన. అవ్వతో, "ఇది చానా విలువైంది, భద్రం," అని చెప్పి, డ్రమ్ముకు కొళాయి బిగించే సామాను కోసం ఊళ్లోకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి సంచులు తడిగా ఉన్నాయి. కడిగి పెట్టిందేమో, మంచిదే అనుకున్నాను. ఆ పీచును డ్రమ్ములో పైనా కిందా గుడ్డ వేసి దట్టించాను.

బయ్యన్న వచ్చాడు. ఆయన వెంట పక్క చేల వాళ్లు కూడా వచ్చారు, తమాషా చూడటానికి. నేను పెద్ద సైంటిస్టులా నాలుగు మాటలు చెప్పి, బానలోని ఎర్రనీళ్లు డ్రమ్ములో పోయించాను. కొళాయి తిప్పాను.

ఎర్రనీళ్లే వచ్చాయి.

ఇంకో బిందె పోశాను. ఇంకా ఎర్రగా వచ్చాయి. ఎవరో కిసుక్కుమన్నారు. బయ్యన్న నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పోసినేవే వచ్చినాయి గదా పాపా," అన్నాడు మెల్లగా. "నేను వస్తా." మన్నుకుప్ప చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు.

డ్రమ్ములో చెయ్యి పెట్టి గుప్పెడు పీచు పైకి తీశాను. వేళ్ల మధ్య జారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన.

"అవ్వా, దీన్నేం చేసినావే?"

"ఉడకేసినా," అంది అవ్వ, అదేదో అడగాల్సిన విషయమే కానట్టు. "పచ్చి పీచు గదా అది, గరుగ్గా ఉండాది. మూటతోనే సబ్బు, సోడా ఏసి సన్నమంట మీద ఉడకేసినా. ఉడకేయకుండా రంగులో పెడితే ఏ పీచుకన్నా రంగు పట్టుతాదా యాడన్నా? మీ నాయన్ని అడుగు."

మా కులవృత్తిలో మొదటి పాఠం అదే. ముడి పట్టుకు పురుగు పెట్టిన జిగురు ఉంటుంది. సబ్బులో ఉడికించి ఆ జిగురు వదిలిస్తేనే పట్టు మెత్తబడుతుంది, రంగు పడుతుంది. అవ్వ బతుకంతా ఆ పనే చేసింది. రంగు పట్టాల్సిన పీచని నేనే అన్నాను. ఆమె దానికి చేయాల్సిన మర్యాదంతా చేసింది. ఆవిరి పట్టి నేను తెరిచిన రంధ్రాలన్నింటినీ సబ్బుతో నింపేసింది.

ఇదంతా ఇప్పుడు ఇంత శాంతంగా చెబుతున్నాను కానీ, అప్పుడు నేను అరిచిన అరుపులకు పట్టాల అవతలి వాళ్లు బయటికొచ్చారు. ఎవరు ముట్టుకోమన్నారన్నాను, నా కష్టమంతా గంగలో కలిపావన్నాను, నాయన కూలికి పోతే ఆ పాపం నీదేనన్నాను. ఆ చివరి మాట అన్నాక అవ్వ ముఖం చూసి, అనకుండా ఉండాల్సిందని అప్పుడే తెలిసింది. వెనక్కి తీసుకోవడానికి మాత్రం నోరు రాలేదు. అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. ఆ రోజంతా మాట్లాడలేదు. మా అవ్వ మాట్లాడకపోవడం ఆ షెడ్డు ఆగిపోవడం కన్నా పెద్ద విషయం.

తెల్లవారింది. నా సంచిలో ఒక డబ్బాలో కొంచెం పీచు మిగిలి ఉంది, అవ్వ చేతికి చిక్కనిది. కనీసం నాయనకన్నా చూపిద్దామని దాన్ని ఒక పైపు ముక్కలో కూరి, అదే బానలోని ఎర్రనీళ్లు చెంబుతో పోశాను. కింద గ్లాసులో తేట నీళ్లు పడ్డాయి.

"నాయనా! చూడు! చూస్తాండావా?"

నాయన లేచి వచ్చాడు. గ్లాసు ఎత్తి చూశాడు. నేను ఇంకో చెంబు పోశాను. నీళ్లు కాస్త గులాబీగా దిగాయి. ఇంకో చెంబు. ఎర్రగా దిగాయి. అంత కొంచెం నీళ్లకే పీచు చచ్చిపోవడమేమిటి? ల్యాబులో ఇంత పీచు దీనికి ఎన్నో రెట్లు తాగేది. బయటికి తీసి వేళ్లతో నలిపాను. జారుడు. దీన్ని ఎవరూ ఉడకేయలేదు. మరి సబ్బు ఎక్కడిది?

"నాయనా, ఈ రంగు బానలో సబ్బు యాల ఉండాది?"

"సబ్బు కాదు పాపా. జిగురు నీళ్లు."

నాకు నెత్తిన పిడుగు పడినట్టయింది. పట్టు ఉడికించిన నీళ్లను మా నాయన పారబోయడు. పట్టు వదిలిన జిగురూ సబ్బూ కలిసిన ఆ నీళ్లను దాచి, ప్రతి రంగు బానలోనూ ఒక కడవెడు కలుపుతాడు. అవి కలిస్తే రంగు ఒక్కసారిగా ఎగబడదు, నిదానంగా, లడి అంతటా ఒకేలా ఎక్కుతుంది. బాలప్పలాంటి వాళ్లు నీ చేతి రంగే కావాలనడానికి సగం కారణం ఆ కడవెడు నీళ్లే. చిన్నప్పుడు ఆ కడవ నేనే మోసేదాన్ని. రోజూ చూసిన పని కాబట్టే అది నా కంటికి ఆనలేదు. ల్యాబులో మంచి నీళ్లలో రంగు కలుపుకుని, షెడ్డు నీళ్లు నాకు తెలియనివా అనుకున్న తెలివి నాది. అవ్వ ఉడకేసినా ఉడకేయకపోయినా నిన్న కొళాయిలో ఎర్రనీళ్లే వచ్చేవి. కాకపోతే కాసేపు ఆగి వచ్చేవి. చెట్టు జిగురుతో చేసిన పీచుకు పట్టు జిగురు గిట్టలేదు. అంతే జరిగింది.

"అయితే జిగురు నీళ్లు ఆపేయి నాయనా. రంగులో కలపొద్దు."

నాయన ఈసారి తల ఊపలేదు. నా బతుకులో మొదటిసారి చూశాను, తల అడ్డంగా తిప్పడం.

"కలపకుంటే మచ్చలొస్తాయి."

"మచ్చలో గిచ్చలో, షెడ్డన్నా ఉంటాది గదా!"

"మచ్చల పట్టు ఇచ్చేదానికి షెడ్డు యాల పాపా? దానికన్నా ఆ మన్ను అట్లే ఉండనీ. నేను కూలికి పోతా."

గొంతు పెంచలేదు. నేను పెంచాను. ఎంత అరిచినా ఆయన అదే మాట మీద ఉన్నాడు. కోపంతో బస్సెక్కాను కానీ, అనంతపురం చేరేలోపు ఆ కోపంలోనే ఒక గర్వం కూడా కలిసింది. నిదానస్తుడు అనుకున్నాను, మొండితనంలో నన్ను మించినవాడు. సరే, ఆయన ఆయన పని వదలడు, నేను నా పని వదలను. ఇద్దరి పనీ సాగే దారి ఏదో ఒకటి ఉండి తీరాలి, లేకపోతే చేసి తీరాలి.

ఆ వారమంతా రకరకాలుగా ప్రయత్నించాను. ఇసుకలో వడకట్టాను. జారుడు పోలేదు. ఎక్కువ పీచు వేశాను. ఎక్కువ పీచు చచ్చింది. చల్లబెట్టాను, వేడిచేశాను. సునంద మేడమ్ కాసేపు పక్కన నిలబడి, "రంగు సంగతి వదిలెయ్. ఆ జిగురును ఏం చేయాలో ఆలోచించు," అని వెళ్లారు.

ఏమీ తోచక, చేతులు ఊరికే ఉండలేక, కొత్త విడత తుమ్మ కషాయం దించి యాసిడ్ పోయడం మొదలుపెట్టాను. నల్లటి నీళ్లు కాసేపు నల్లగానే ఉన్నాయి. ఇంకొంచెం పోశాను. ఉన్నట్టుండి విడిపోయాయి. గోధుమరంగు పలుకులు మెల్లగా కిందికి దిగుతున్నాయి. కొన్నేళ్లుగా చూస్తున్నదే. అయినా ఆ రోజు సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. క్షారంలో కరిగిన చెట్టు జిగురు యాసిడ్‌కు దిగిపోతోంది. సోడాలో, సబ్బులో కరిగిన పట్టు జిగురు ఎందుకు దిగదు?

కషాయం అలాగే వదిలేసి బస్టాండుకు పరిగెత్తాను.

షెడ్డులో నాయన రంగు ఎక్కడానికి వాడే యాసిడ్ ఉంటుంది, ముక్కుపుటాలదిరే పుల్లటి వాసనతో. ఆయన బానలో పోసేది కొంచెమే. నేను ఒక బకెట్టు ఎర్రనీళ్లు తీసుకుని, దానికి కొన్ని రెట్లు పోశాను. కలిపాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం పోశాను. అప్పుడు విరిగాయి. నిమ్మకాయ పిండిన పాలు విరిగినట్టు, పైన తెట్టు కట్టి, లోపల పలుకులు పలుకులుగా తేలాయి.

నా వెనక ఎవరో నిలబడ్డారు. అవ్వ. చేతిలో పాత నూలు చీర, నాలుగు మడతలు పెట్టింది.

"దీంట్లో వడకట్టు," అంది. అప్పటి వరకు ఆమె నాతో మాట్లాడలేదు.

ఆమె ఒక కొస పట్టుకుంది, నేను ఒక కొస పట్టుకున్నాను. గుడ్డ మీద జిగట ముద్ద మిగిలింది. కింద దిగిన నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, కానీ వేళ్ల మధ్య జారడం లేదు. మామూలు నీళ్లలా ఉన్నాయి.

"అవ్వా, ఆ రోజు నేను ఆ మాట అనగూడదు. తప్పు నాదే."

"నువ్వు అనేది అన్నావు, నేను ఉడకేసేది ఉడకేసినా. చెల్లు," అంది అవ్వ. "గుడ్డ సరిగా పట్టుకో, కారిపోతాండాది."

డబ్బాలోని పీచు అప్పటికే అయిపోయింది. అవ్వ ఉడకేసిన పీచునే మంచినీళ్లలో మళ్లీ మళ్లీ జాడించి, ల్యాబుకు తీసుకుపోయి, ఇంకోసారి కొలిమిలో పెట్టి ఆవిరి పట్టించాను. కొంత బూడిదైంది. మిగిలినది బతికింది. దానికి కొత్త విడత కలిపి తెచ్చాను. ఎంత యాసిడ్ పోయాలి, గుడ్డ తర్వాత ఇసుక ఎంత మందం వేయాలి, ఇవన్నీ షెడ్డులోనే, అసలు నీళ్లతోనే తేల్చుకున్నాను. తప్పు చేస్తే అక్కడే చేశాను. చివరికి ఒక బాన మొత్తం పోసినా నీళ్లు తేటగా దిగాయి. మరుసటి రోజు ఇంకో బాన పోశాను. అప్పుడూ అంతే.

బయ్యన్నను పిలవడానికి నేను పోలేదు, సిగ్గేసింది. నాయనే గట్టు దాటి వెళ్లి పిలుచుకొచ్చాడు. ఈసారి తమాషా చూసేవాళ్లెవరూ లేరు. నేను ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఎర్రనీళ్లలో యాసిడ్ పోశాను, తెట్టు వడకట్టాను, డ్రమ్ములో పోసి కొళాయి తిప్పాను. బయ్యన్న కొళాయి కింద చేతులు పట్టాడు. దోసిట్లో నీళ్లు నిండాయి. అరచేతి గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఆయన చాలాసేపు ఆ గీతల్నే చూశాడు.

"మాట మాటే," అన్నాడు. నేరుగా కాలువ దగ్గరికి పోయి, పార తీసుకుని మన్ను తీయడం మొదలుపెట్టాడు.

"బయ్యన్నా, ఆగప్పా," అన్నాడు నాయన. "తీయొద్దు."

"ఏమప్పా? తీస్తాంటే వద్దంటావు?"

"ఈ నీళ్లు బయటికి ఇడిసేకి నాకేమన్నా పిచ్చా? దుడ్లు పోసి ట్యాంకర్లు తెప్పించుకుంటాండా. ఇవి మల్లా బానలోకే పోతాయి."

మా నీళ్లను ఆపడానికి ట్రాక్టరు మన్ను పోసిన మనిషి, కొళాయి వైపు ఆశగా చూశాడు.

"అయితే నా టమాటాలకు?"

"అవి పుల్లనీళ్లు. నీ చేనుకు పనికిరావు," అన్నాడు నాయన. "నా పట్టుకు ఆ పులుపే కావాల. మల్లా అంత యాసిడ్ పోసే పని గుడక ఉండదు."

యాసిడ్ పోసిన నీళ్లను ఏం చేయాలా అని నేను ఇంకా తల పట్టుకుంటుంటే ఆయన అప్పుడే వాటికి పని చూపించాడు. బయ్యన్న పార కింద పడేసి నవ్వాడు. "నీళ్ల కాడ మాత్రం గట్టోడివే మార్కండేయా," అన్నాడు.

నాయన అప్పటికే వెనక్కి తిరిగాడు. పై అరలోంచి బాలప్ప మూట దించాడు. విప్పి, ముందే ఉడికించి పెట్టుకున్న ఒక తెల్ల లడి తీశాడు. ముదురు రంగు వేస్తే నీళ్లలో ఏ దోషమున్నా కప్పేయవచ్చు. నాయన పొడి డబ్బాల ముందు నిలబడి లేత చిలకపచ్చ డబ్బా తీశాడు. రవ్వంత ఎరుపు మిగిలినా అది బురద రంగుకు తిరుగుతుంది.

"నాయనా, ముందు వేరే ముక్కతో చూద్దాం. అది బాలప్ప పట్టు."

"నీళ్లు నువ్వు చేసినేవే గదా?"

"నేనే."

"మల్లా ఏం?"

కొళాయి నీళ్లు బానలో పోశాడు, జిగురు విరగకుండా కొంచెం సోడా వేసి పులుపు తగ్గించాడు. జిగురు నీళ్లు ఒక కడవ కలిపాడు. మంట పెట్టాడు. లడిని కట్టెకు వేసి ముంచాడు. తిప్పడం మొదలుపెట్టాడు, ఏ తొందరా లేకుండా, షెడ్డు ఒక్కరోజు కూడా ఆగనట్టు. నేను చూడలేకపోయాను. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. యూనివర్సిటీలో ఎందరో ప్రొఫెసర్ల ముందు నిలబడి జవాబులు చెప్పినదాన్ని, మా నాయన బాన ముందు నిలబడలేకపోయాను.

"మచ్చ లేదే పాపా," అంది అవ్వ. "యాడా లేదు. ఇట్ల తిరుగు."

తిరిగాను. కట్టె మీద లడి ఆరుతోంది, ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒకే లేత పచ్చ. నాయన దాన్ని వేళ్లతో విడదీసి, వెలుతురుకు పట్టి, మడత మడతా చూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

నాయన లడిని తీగ మీద ఆరేసి, చేతులు కడుక్కుని, నా దగ్గరికి వచ్చాడు.

"పెద్ద షెడ్డోళ్లకు రానని చెప్పేసి వస్తా," అన్నాడు. "వచ్చినాక శింగనమల పోదాం. నీ పీచుకు కంప కొట్టేకి."